లక్క అంటిన వేళ్లు, వుజూ నీళ్లు

ఏటికొప్పాక బొమ్మ ఇంట్లో ఉన్నవాళ్లకి ఒక సంగతి తెలుసు. పిల్లలు నోట్లో పెట్టుకున్నా, తడిగుడ్డతో ఎన్నిసార్లు తుడిచినా దాని రంగు పోదు. అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్క కడ్డీని దానికి అదిమి పెడతారు. ఆ రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డునున్న ఈ ఊరి బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల్లాంటి సహజమైన రంగుల కోసం ఏళ్ల తరబడి పనిచేసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఇవన్నీ మన పత్రికలో చాలాసార్లు చదివినవే.

అయితే లక్క కర్రకే కాదు, చేతికీ పడుతుంది. వేడిచేసి, రంగు కలిపి, పిసికి కడ్డీలుగా సాగదీసేటప్పుడు వేళ్ల చివర్ల మీద, గోళ్ల చుట్టూ పలచటి పొరలా అతుక్కుని ఉండిపోతుంది. సబ్బుకి లొంగదు. లక్కకి నీళ్లంటే లెక్క లేదు కదా, బొమ్మ మీద దాన్ని పూసేదే అందుకు.

పోయిన నెల ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం దీని గురించే. ఏటికొప్పాకలో లక్క పని నేర్చుకుని, అదే పని చేస్తున్నారట. పేరు వద్దన్నారు. మొదటి ఆరు నెలలూ పనిచోటే మధ్యాహ్నం జుహర్, సాయంత్రం అసర్ నమాజులు చదువుకునేవారు. ఒకరోజు ఇంట్లో పెద్దావిడ ఈమె వేళ్లు పట్టుకు చూసి, "దీని కిందకి నీళ్లు పోవు. నీకు వుజూ అవలేదు. వుజూ అవనప్పుడు నమాజూ అవలేదు" అన్నారు. అప్పటినుంచి పనిరోజుల్లో ఆ రెండు నమాజులూ ఆపేశారు. రాత్రి ఇంటికొచ్చి, లక్క గోకి గోకి తీసి, అప్పుడు చదువుకుంటున్నారు. అలిసిపోయిన రోజు అదీ లేదు. "ఈ పని మానేయమంటారా?" అని అడిగారు.

నేను ముఫ్తీని కాను, కోడ్ రాసుకునేవాణ్ణి. కాకపోతే ఈ ప్రశ్న పట్టుకుని వారం రోజులు పుస్తకాలు తిరగేశాను. తెలిసినవాళ్లని అడిగాను. దొరికిందేమిటో చెప్తాను. చివరి మాట మాత్రం మీ ఊరి ఇమామ్ గారిని అడిగే తీసుకోండి.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. నమాజుకి ముందు చేసే శుద్ధి వుజూ. దానికి మూలం ఖురాన్ అయిదో అధ్యాయం మాయిదాలోని 6వ వాక్యం. అందులో ఉన్నవి నాలుగు పనులు. ముఖం కడగాలి, మోచేతుల దాకా చేతులు కడగాలి, తడిచేత్తో తల తుడుచుకోవాలి, చీలమండల దాకా కాళ్లు కడగాలి. నోరు పుక్కిలించడం, ముక్కులోకి నీళ్లు పీల్చడం, ఒక్కోటీ మూడుసార్లు చేయడం ప్రవక్త సంప్రదాయం. మన దగ్గర ఎక్కువమంది పాటించే హనఫీ పద్ధతిలో తప్పనిసరి అయినవి ఆ నాలుగే. షాఫయీ వాళ్లు సంకల్పాన్నీ, వరుసక్రమాన్నీ కలిపి ఆరంటారు. హైదరాబాద్ బార్కస్‌లో యెమెన్ మూలాలున్న కుటుంబాలవాళ్లు ఆ పద్ధతిలోనే ఉంటారు.

ఆ నాలుగింటిలో కడగాల్సినచోట పొడి మచ్చ మిగలకూడదు. ఒకాయన వుజూలో కాలి మీద గోరంత చోటు తడవకుండా వదిలేస్తే, ప్రవక్త చూసి, వెనక్కి వెళ్లి సరిగా చేసి రమ్మన్నారని ముస్లిం హదీసు సంకలనంలో ఉంది. గోరంత చోటుకే అలా ఉంటే, నాలుగు వేళ్ల చివర్ల మీద లక్క పొర ఉన్నవాళ్ల మాటేమిటి? కాబట్టి ఆ పెద్దావిడ గాల్లోంచి తీసిన మాట కాదిది. రూలు ఉంది. ఆమె ఆ రూలు మొదటి సగం చెప్పారంతే.

రెండో సగం 17వ శతాబ్దపు డమాస్కస్‌లో దొరుకుతుంది. అక్కడి ముఫ్తీ హస్కఫీ రాసిన 'దుర్రుల్ ముఖ్తార్' హనఫీ న్యాయశాస్త్రంలో పెద్ద పేరున్న గ్రంథం. మన మదర్సాలకీ బాగా పరిచయం. అందులో వుజూకి ఏది అడ్డం, ఏది కాదు అని వరుసగా చెప్పుకుంటూ వెళ్తారు. గోళ్లలో మట్టి ఉంటే ఫర్వాలేదు. ఒంటిమీద నూనె జిడ్డు ఉంటే ఫర్వాలేదు. గోరింటాకు ఫర్వాలేదు, రంగే కాదు, దాని ముద్ద కొంచెం మిగిలినా సరే. ఆ వరుసలోనే ఒక పనివాడి చెయ్యి కనిపిస్తుంది. బట్టలకి రంగులద్దే వాడి గోరు మీద ఉండిపోయేది అడ్డం కాదు, అని.

అక్కడ ఆగి రెండుసార్లు చదివాను. మూడొందల యాభై ఏళ్ల క్రితం ఒక పండితుడు అద్దకం పనివాడి గోళ్లు చూశాడు. వాడు రోజూ రంగులోనే చేతులు పెట్టాలి, రోజుకి అయిదుసార్లు ఆ గోరు గీకలేడు, అని ఆలోచించాడు. సంపన్నుల ఇళ్లలో ఈ ప్రశ్న పుట్టదు. ఎవరో అద్దకం పనివాడు వచ్చి, అచ్చం మన పాఠకురాలిలాగే అడిగి ఉంటాడని నా ఊహ.

ఆ తర్వాత, 19వ శతాబ్దం మొదట్లో, అదే డమాస్కస్‌కి చెందిన ఇబ్న్ ఆబిదీన్ ఈ గ్రంథానికి పెద్ద వ్యాఖ్యానం రాశారు. రంగులద్దేవాడికి ఈ సడలింపు అవసరం కొద్దీ వచ్చిందన్నది అక్కడి వివరణ. గోధుమపిండి ముద్ద విషయంలో మాత్రం పండితుల్లో తేడా ఉంది. పిండికి జిగురూ ఉంది, ఎండితే గట్టితనమూ ఉంది, నీళ్లని లోపలికి పోనివ్వదు, కనుక అడ్డమే అన్నది ఆయన ఎత్తి చూపిన అభిప్రాయం.

మన పాఠకురాలి కేసు సరిగ్గా ఈ రెంటి మధ్యన పడింది. చేతికి అంటిన వస్తువు చూస్తే పిండి లాంటిది, జిగురుకి జిగురు, గట్టితనానికి గట్టితనం. మనిషిని చూస్తే అద్దకం పనివాడి లాంటిది, కూటి కోసం రోజూ అదే పని. ఇప్పటి హనఫీ ముఫ్తీలు పెయింటర్ల గురించి అడిగినప్పుడు సాధారణంగా చెప్పేది ఈ రెండూ కలిపి చూసిన జవాబే. తీయగలిగినంత తీయాలి. ఒళ్లు గాయపడకుండా, మరీ కష్టపడకుండా రానిది ఉంటే, దాని మీదనుంచే నీళ్లు పోసుకోవాలి. వుజూ అవుతుంది. హన్బలీ పద్ధతికి చెందిన ఇబ్న్ తైమియ్యా 14వ శతాబ్దానికే ఇంకొంచెం ముందుకెళ్లి, ఒంటిమీద ఎక్కడైనా సరే, కొద్దిపాటి అడ్డాన్ని గోటికింది మట్టిలాగే చూడాలన్నారు.

అయితే "తీయగలిగినంత" అన్నమాటని తేలిగ్గా తీసుకోకూడదు. అరచేతి మధ్యలో రూపాయి బిళ్లంత లక్క పెచ్చు ఉండి, గోటితో ఎత్తితే ఊడొచ్చేలా ఉంటే, దాన్ని వదిలేసి అవసరం కొద్దీ అనడం కుదరదు. గోటి మొదట్లో, చర్మపు గీతల్లో కూరుకుపోయిన దాని సంగతి వేరు. లక్క నీళ్లలో కరగదు గానీ స్పిరిట్‌లో కరుగుతుంది. ఒకసారి దూదితో తుడిస్తే చాలావరకు వచ్చేస్తుంది. రోజుకి రెండు మూడుసార్లు స్పిరిట్ రాస్తే మాత్రం చర్మం ఎండి పగుళ్లొస్తుంది. అలా పగిలేదాకా రుద్దుకోమని ఏ పుస్తకమూ అడగడం లేదు. స్పిరిట్ అంటే ఆల్కహాలే కదా, అది అపవిత్రం కాదా అని మళ్లీ అనుమానం రావచ్చు. కోవిడ్ రోజుల్లో శానిటైజర్ గురించి ఇదే చర్చ బోలెడు నడిచింది. ద్రాక్ష, ఖర్జూరం నుంచి తీసినది కాకపోతే చేతికి రాసుకోవడంలో ఇబ్బంది లేదన్నారు చాలామంది హనఫీ ముఫ్తీలు.

లక్కతో బతికే ముస్లింలు మన తెలుగు నేల మీద కొత్తగా వచ్చినవాళ్లు కాదు. చార్మినార్ పక్కన లాడ్‌బజార్‌కి వెళ్లండి. నిప్పుల మీద లక్కని మెత్తబరిచి, గాజుగా వంచి, వేడి ఆరకముందే రాళ్లు అద్దుతుంటారు. ఆ హైదరాబాద్ లక్క గాజులకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నాలుగడుగులు వేస్తే మక్కా మసీదు. ఆ చేతులతోనే ఎన్ని తరాలు అక్కడి హౌజ్ దగ్గర వుజూ చేసి ఉంటాయో! మా కాలనీ మసీదుకి కూడా మెకానిక్‌లు గోళ్లలో నల్లటి గ్రీజుతో వస్తారు, పెయింటర్లు మోచేతుల దాకా సున్నపు చుక్కలతో వస్తారు. వాళ్ల వేళ్లు పట్టుకు చూసినవాళ్లని నేను ఇంతవరకు చూడలేదు. ఆడవాళ్ల వేళ్లు మాత్రం ఇంట్లో అందరికీ కనిపిస్తాయి. ఇది మతం రూలు కాదు, మన ఇళ్ల అలవాటు.

ఇక ఈ వారమంతా నేను పట్టుకు తిరిగిన అసలు విషయానికి వస్తాను. ఉత్తరం చదివినవాళ్లలో ఎక్కువమంది లక్క ఎలా తీయాలనే ఆలోచిస్తారు. నా వృత్తి అలవాటు కొద్దీ నేను ఇంకో ప్రశ్న వేసుకున్నాను. వుజూ ఎప్పుడు పోతుంది? వుజూ అంటే నమాజుకి ముందు జరిగే ఒక పని మాత్రమే కాదు, మనిషి ఉండే ఒక స్థితి కూడా. ఒకసారి వచ్చాక, దాన్ని పోగొట్టే కారణం ఏదో జరిగేదాకా ఉంటుంది. ఆ కారణాల జాబితా పొడుగేం కాదు. మలమూత్రాలు, గాలి పోవడం, పడుకుని నిద్రపోవడం, స్పృహ తప్పడం, ఇలాంటివి. హనఫీల లెక్కలో గాయం నుంచి రక్తం కారినా పోతుంది. షాఫయీల లెక్కలో రక్తానికి పోదు. లేత్ దగ్గర ఉలి తగిలే చేతులకి ఈ తేడా అక్కరకొస్తుంది.

ఆ జాబితాలో లక్క లేదు. వుజూ ఉన్న మనిషి చేతికి తర్వాత లక్క అంటితే వుజూ పోదు. పొర అడ్డమయ్యేది కడిగేటప్పుడే. ముందే కడిగేసిన చేతిమీద తర్వాత పొర పడితే ఏ నష్టమూ లేదు.

అంటే ఆవిడ పొద్దున్న ఇంటి దగ్గర, చేతులు శుభ్రంగా ఉన్నప్పుడు వుజూ చేసుకుని బయల్దేరారనుకోండి. అది నిలబడితే అదే వుజూతో జుహర్ చదవచ్చు, అసర్ కూడా చదవచ్చు, వేళ్లనిండా లక్క ఉన్నా సరే. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నిలబడదంటారా? భోజనానికి ముందు ఎలాగూ చేతులు తోముకుంటారు. జుహర్ వేళ కూడా అదే. ఆ ఒక్కసారి స్పిరిట్‌తో తుడుచుకుని వుజూ చేస్తే అసర్ దాకా లాక్కురావచ్చు. రోజుకి అయిదుసార్లు గోక్కోవాల్సిన కష్టం ఒక్కసారికి తగ్గింది.

ఆపుకుని ఆపుకుని ఇబ్బంది పడమని మాత్రం అనడం లేదు. వుజూ పోతే పోయింది, తీసినంత తీసి మళ్లీ చేసుకోవడమే. పోయిందో లేదో అన్న అనుమానం వస్తే, పోలేదనే లెక్క. నమాజులో ఉండగా కడుపులో ఏదో కదిలినట్టనిపిస్తే, శబ్దమో వాసనో తెలిసేదాకా వదిలి వెళ్లొద్దని బుఖారీ హదీసుల్లో ఉంది. తెలిసిన విషయాన్ని అనుమానం కొట్టేయలేదన్న ఈ సూత్రం మీద న్యాయశాస్త్రం సగం నడుస్తుంది. దీన్ని వంటబట్టించుకోక, ఒక్కో చెయ్యి పదిసార్లు కడిగి, అయినా తృప్తి లేక కుళాయి దగ్గరే కూలబడేవాళ్లు ఉన్నారు. మూడుసార్లు దాటి కడగడమే బాగోదంటాయి పుస్తకాలు.

నెయిల్ పాలిష్ గురించి ఈ సందర్భంలో ఎవరో ఒకరు అడుగుతారు. పొరే కదా, లక్కకో న్యాయం, దానికో న్యాయమా అని. అవును, రెండూ ఒకటి కావు. పాలిష్ వేసుకోవడం ఇష్టం, తీయడం రెండు నిమిషాల పని. అద్దకం పనివాడికిచ్చిన సడలింపు దానికి రాదు. పోలండ్ కంపెనీ ఇంగ్లాట్ గాలి ఆడే పాలిష్ అని ఒకటి తెచ్చినప్పుడు చాలా దేశాల్లో ముస్లిం అమ్మాయిలు సంబరపడ్డారు. కాఫీ వడపోసే కాగితం మీద పూసి, నీటిచుక్క వేసి, అటువైపు తడి వచ్చిందా అని పరీక్షలు కూడా చేశారు. నాకు మాత్రం ఆ లాజిక్ పూర్తిగా మింగుడు పడలేదు. ఆక్సిజన్ దూరడం వేరు, ఆవిరి దూరడం వేరు, నీళ్లు చర్మాన్ని తడపడం వేరు. కాగితానికీ గోటికీ కూడా తేడా ఉంది. ముఫ్తీలు కూడా ఇందులో ఒక్క మాట మీద లేరు.

మన ఇళ్లలో ఇంకో తమాషా ఉంది. లక్క నుంచే వచ్చే ఎర్రరంగు లత్తుక. కాళ్లకి పెట్టుకుంటే మిగిలేది రంగే, పొర కాదు, కనుక వుజూకి అడ్డం లేదు. ఒకే పురుగు నుంచి వచ్చిన లత్తుక పాసైంది, లక్క ఆగిపోయింది.

ఉత్తరంలో ఇంకో చిన్న ప్రశ్న ఉంది. పనిచోట ఒకే బకెట్ ఉంటుంది, అందరూ రంగు చేతులు అందులోనే ముంచుతారు, ఆ నీళ్లు పనికొస్తాయా అని. పసుపో నీలిమందో కొంచెం కలిసినంత మాత్రాన నీళ్లు అపవిత్రం అవవు. పల్చగా నీళ్లలాగే ఉండి, చూసినవాళ్లు నీళ్లనే అంటే చాలు. ముదిరి రంగునీళ్లు అయిపోతే పనికిరావు. కాకపోతే చిన్న పాత్రలో చేతులు ముంచి వుజూ చేయకూడదు, వాడిన నీళ్లు అందులో కలుస్తాయి. మగ్గుతో తీసి పోసుకోవాలి. పెద్ద మసీదుల్లో హౌజ్ అంత వెడల్పుగా కట్టడానికి కారణం ఇదే. పదిమూరల పొడవు, పదిమూరల వెడల్పు ఉంటే దాన్ని పారే నీటితో సమానంగా చూడాలని హనఫీలు ఒక కొలత పెట్టుకున్నారు. మూర అడుగున్నర వేసుకుంటే 225 చదరపు అడుగులు. అంత ఉంటే ఎంతమంది చుట్టూ కూర్చుని చేతులు ముంచినా ఫర్వాలేదు. ఇంజనీరింగ్‌లో దీన్ని మేం సేఫ్టీ మార్జిన్ అంటాం.

బకెట్ చాలదేమో అన్న బెంగ అక్కర్లేదు. ప్రవక్త వుజూకి వాడింది ఒక 'ముద్', అంటే లెక్క కట్టే పద్ధతిని బట్టి ముప్పావు లీటరు నుంచి లీటరు. నిమిషానికి ఆరు లీటర్లు వదిలే కుళాయిని మూడు నిమిషాలు తెరిచిపెడితే మనం పద్దెనిమిది లీటర్లు వదిలేస్తున్నాం. పారే ఏటి ఒడ్డున ఉన్నా నీళ్లు వృథా చేయొద్దన్న హదీసు కూడా ఒకటి చెప్తుంటారు, దాని సాధికారత మీద పండితుల్లో వాదన ఉన్నా. వరాహ నది పక్కన పనిచేసేవాళ్లకి అది వేరే చెప్పాలా.

ఇప్పుడు అసలు భయం దగ్గరికి. వుజూ సరిగ్గా అవలేదేమో అని నమాజే వదిలేయడం. ఈ శాస్త్రం నడిచేది సరిగ్గా దీనికి ఎదురుదిశలో. నీళ్లు లేకపోతే శుభ్రమైన మట్టితో తయమ్ముమ్ చేసుకోమంది. ప్రయాణంలో ఆయిషా గారి హారం పోయి, వెతకడానికి సైన్యమంతా నీళ్లు లేనిచోట ఆగిపోయినప్పుడు వచ్చిన వెసులుబాటు అది. చేతికి కట్టు ఉంటే కట్టు మీదే తడిచేత్తో తుడవమంది. తోలు మేజోళ్లు వుజూతో తొడుక్కుంటే ఊళ్లో ఉన్నవాళ్లు ఒక రోజు, ప్రయాణికులు మూడు రోజులు వాటిమీదే తుడుచుకోవచ్చంది. (ఆఫీసు వాష్‌బేసిన్‌లో కాళ్లు పెట్టి హెచ్.ఆర్. మెయిల్స్ తెప్పించుకునేవాళ్లు ఇది గమనించగలరు. మామూలు పల్చటి కాటన్ సాక్సుకి హనఫీలు ఒప్పుకోరు.) నీళ్లూ మట్టీ రెండూ దొరకని జైల్లో ఉన్నవాడు ఏం చేయాలో కూడా చర్చించారు. వాడు సైతం నమాజు వేళకి ఊరికే కూర్చోవాలని హనఫీలూ అనలేదు, షాఫయీలూ అనలేదు. వేళ దాటించడం ఎంత పెద్ద విషయమో దీన్నిబట్టే తెలుస్తుంది. అద్దకం పనివాడికిచ్చిన సడలింపు చేతిలో ఉండగా, లక్క కోసం రోజూ రెండు నమాజుల్ని వేళ దాటించడం నాకు తలకిందుల లెక్కలా కనిపిస్తోంది.

పని మానక్కర్లేదు. లక్క పురుగు నుంచి వస్తుంది కదా, అది అపవిత్రమేమో అని కూడా రాశారు. కారే రక్తం లేని పురుగుల్ని ఫిఖహ్ అపవిత్రంగా చూడదు. వేళ్లకి లక్క ఉండగా నమాజులో నిలబడొచ్చు.

మొదటి ఆరు నెలలు చదివిన నమాజుల సంగతి. అప్పుడు ఆవిడ సబ్బుతో తోముకుని, వచ్చినంత తీసి, నీళ్లు పోసుకునే చేశారు. పైన చెప్పిన అభిప్రాయం ప్రకారం అవి అయినట్టే, మళ్లీ చదవక్కర్లేదు. తర్వాత రాత్రిపూట చదివినవి ఖజాగా చెల్లిపోయాయి. మిగిలినవి, అలిసిపోయి అసలు చదవని రోజులవి మాత్రమే. ఒక్కో రోజుకి ఒక జుహర్, ఒక అసర్ చొప్పున, ఇకనుంచి వేళకి చదివే నమాజుతో పాటు ఒక్కోటి తీర్చుకుంటూ పోవచ్చు. ఎన్ని రోజులన్నది గుర్తులేదన్నారు. కూలి రాసుకునే పుస్తకంలో పనికెళ్లిన తేదీలు ఉంటాయి. అక్కడ మొదలుపెడితే లెక్క తేలుతుంది.